పాత జీపుకి డాష్‌బోర్డు మూసే ముందు: ఈ వేసవికి జాగ్రత్తలు

పోయిన నెల ఒక ఎంఎం 540 జీపుని లారీ మీద ఎక్కించుకుని మా షెడ్డుకి తెచ్చారు. రెండేళ్లు డబ్బు కూడబెట్టి కట్టించుకున్న బండి. కొత్త పెయింటు, కొత్త టాపు, లోపలంతా గోధుమరంగు రెగ్జిను, ఇత్తడి అంచుల గుండ్రటి మీటర్లు. ఇంటికి తీసుకెళ్లిన పదకొండో రోజు ఘాట్ దిగుతుండగా డాష్‌బోర్డు వెనక నుంచి పొగ వచ్చింది. నడుపుతున్న కుర్రాడు కాలుతున్న వైరుని చేత్తో లాగబోయి అరచేయి కాల్చుకున్నాడు. బ్యాటరీ టెర్మినల్ విప్పుదామంటే స్పానరు వెనక సీటు కింద డబ్బాలో ఉంది. వెనక కూర్చున్న ఇద్దరు పిల్లలు దూకేశారు. ప్రాణాలు దక్కాయి, బండి ముందు సగం పోయింది.

ఆ డాష్‌బోర్డు విప్పింది నేనే. మీటరు దగ్గర మొదలుపెట్టి ఎర్ర వైరు వెంట వేలు పోనిస్తూ వెళ్లాను. మొదటి జానెడు వైరు కొత్తదానిలా ఉంది. దానికి పెట్టిన ఫ్యూజు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత డాష్‌బోర్డుని పట్టి ఉంచే రేకు పట్టీ అంచున వైరు ఒరుసుకుని తెగింది. అక్కడి నుంచి వెనక్కి బ్యాటరీ వరకు రాగి తీగ తప్ప పైన ప్లాస్టిక్ లేదు. కరిగిన ప్లాస్టిక్ బొట్లు బొట్లుగా కార్పెట్ మీద పడి గట్టిపడింది. పైనున్న స్పాంజి బూడిదై రాలుతోంది.

"అన్నా, ఫ్యూజు పెట్టించాను కదా" అన్నాడు ఆ కుర్రాడు, కట్టు కట్టిన చేత్తో. పెట్టించాడు. పెట్టింది మీటరు పక్కన. నేను చూసిన కాలిన బండ్లలో ఎక్కువ వాటిని ముంచింది ఈ ఒక్క పొరపాటే.

ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. మీటరు చివర పెడితే బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న రెండు బారల వైరుకి కాపలా లేదు. ఆ మధ్యలో ఎక్కడ బాడీకి తగిలినా బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ సన్న తీగలోంచే పోతుంది. జీపు బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు ఇస్తుంది. ఆ వైరు ఐదారు ఆంపియర్లకి వేసింది. క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. కాబట్టి బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపు ఫ్యూజు ఉండాలి. అది లేకుండా లైనింగ్ పని, అంటే లోపల స్పాంజి, రెగ్జిను వేసే పని మొదలుపెట్టకండి.

మీటర్ల సంగతి

అసలు బ్యాటరీ నుంచి మీటరుకి నేరుగా లాగే ఈ డైరెక్టు వైర్లు ఎందుకు పుడతాయో చెప్తాను. మీటరు ముల్లు లేవదు. లైనింగ్ వాడు రేపే రావాలి. ఎలక్ట్రీషియన్ అసలు లోపం వెతక్కుండా "డైరెక్ట్ ఇచ్చేద్దాం" అంటాడు. కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారిని ఎర్త్ అంటాం. చాలాసార్లు లోపం కరెంటులో ఉండదు, ఎర్త్‌లో ఉంటుంది. కొత్తగా పెయింటు కొట్టిన బాడీకి బోల్టు కింద పెయింటే ఉంటుంది, ఇనుము తగలదు. మల్టీమీటరు ఒక కొనని మీటరు ఎర్త్‌కి, రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కి పెట్టి హెడ్‌లైట్లు వేయండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే మీ లోపం అక్కడే దొరికింది. పెయింటు గీకి, స్టార్ వాషరు వేసి, ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఛాసిస్‌కి విడిగా పట్టీలు వేయండి.

డీజిల్ ముల్లు, హీటు ముల్లు రెండూ ఒకేసారి పైకి పోయి నిలబడితే మీటర్లని అనుమానించకండి. అంబాసిడర్ లాంటి పాత బండ్లలో ఈ రెంటికీ కలిపి ఒక స్టెబిలైజర్ ఉంటుంది, సుమారు 10 వోల్టులు ఇస్తుంది. దాని ఎర్త్ పోతే 12 వోల్టులూ నేరుగా వెళ్లి రెండు ముళ్లూ ఎక్కువ చూపిస్తాయి. రెండూ చచ్చిపోతే దానికి కరెంటు అందడం లేదని.

ట్యాంకు నిండుగా ఉన్నా ముల్లు సగంలో ఆగితే ట్యాంకులో డీజిల్ మట్టం కొలిచే ఫ్లోటూ, మీటరూ వేర్వేరు రకాలై ఉంటాయి. కొన్ని ఫ్లోట్లు ఖాళీకి 240, నిండుకి 33 ఓములు చూపిస్తాయి. కొన్ని ఖాళీకి 10, నిండుకి 180. ఒకదానికి ఇంకోటి పనికిరాదు. కొనేముందు ఫ్లోటు చేత్తో పైకీ కిందికీ ఆడించి ఓములు కొలుచుకోండి. బిగించాక అయితే ట్యాంకు మళ్లీ దించాలి. ఇక రబ్బరు ముక్కల మీద కూర్చున్న ట్యాంకుకి ఎర్త్ వైరు విడిగా లేకపోతే ఏ ఫ్లోటూ నిజం చెప్పదు.

హీటు సెన్సరు మరకి టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఒక్క వైరు సెన్సరుకి ఎర్త్ ఆ మర నుంచే దొరుకుతుంది. నేనైతే బిగించే ముందు సెన్సరుని గిన్నెలో మరిగే నీళ్లలో వేలాడదీసి, దాని బాడీకి ఒక ఎర్త్ వైరు కట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో మీటరు అద్దం మీద చిన్న గీత పెడతాను. ఆ గీత 100 డిగ్రీలు. ఘాట్ రోడ్డులో ముల్లు దానివైపు నడుస్తుంటే ఆపాలని నడిపేవాడికి తెలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: రేడియేటర్ నీళ్లు పూర్తిగా పోతే సెన్సరు గాలిలో ఉండి ముల్లు తక్కువ చూపిస్తుంది. వేడిగా నడుస్తున్న బండిలో ముల్లు హఠాత్తుగా పడిపోతే అది శుభవార్త కాదు. వెంటనే ఆపండి.

పాత జీపుల్లో అమ్మీటరు (కరెంటు ఎన్ని ఆంపియర్లో చూపే మీటరు) ఉంటే దాన్ని తీసేయమని నా సలహా. బండి కరెంటంతా దాని వెనక రెండు స్టడ్డుల మీదుగానే పోతుంది. స్విచ్ ఆపినా అవి లైవ్‌లోనే ఉంటాయి. పాత అమ్మీటరు 30 ఆంపియర్లదైతే, మీరు వేసిన కొత్త ఆల్టర్నేటర్ 50కి పైన ఇస్తుంది. నట్టు కొంచెం వదులైతే చాలు, కాగిపోతుంది. దాని బదులు వోల్ట్ మీటరు వేసుకోండి. ఇంజన్ ఆపితే 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. దీనికి సన్న వైరు చాలు. ఆ సన్న వైరుకి కూడా బ్యాటరీ నుంచి జానెడు లోపే ఫ్యూజు. మీటర్లన్నిటికీ కలిపి 3 ఆంపియర్లు సరిపోతుంది. ఫ్యూజు పదే పదే పోతోందని 15 వేసిన మనిషి వైరునే ఫ్యూజు చేసినట్టు.

లోపలి పని

అన్ని వైర్లూ అయ్యాక, లైనింగ్‌కి ముందు డాష్‌బోర్డు తెరిచే ఉంచి కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పండి. గతుకుల్లో తిప్పండి, రాత్రి అన్ని లైట్లూ వేసి తిప్పండి, ఒకసారి నీళ్లు కొట్టి కడిగి తిప్పండి. లూజ్ కాంటాక్టులు, ఒరిపిళ్లు అప్పుడే బయటపడతాయి. రెగ్జిను మూశాక పొగ వస్తే తప్ప తెలియదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు, బండి అందంగా కనిపించాలన్న ఆశ అలాంటిది. నాకు అర్థమవుతుంది. అయినా ఆగండి.

వైరు రేకులోంచి దూరే ప్రతి బెజ్జానికీ గ్రోమెట్ (అంచుకి తొడిగే రబ్బరు రింగు) వేయాలి. రేకు అంచు పక్కనుంచి పోయే ప్రతిచోటా స్లీవు వేసి, క్లిప్పుతో బిగించాలి. మామూలు ఇన్సులేషన్ టేపు మన ఎండలకి నిలవదు. మూసిన క్యాబిన్ ఎండలో 60 డిగ్రీలు దాటుతుంది, జిగురు కరిగి టేపు జారిపోతుంది. బట్ట టేపు, వేడికి ముడుచుకునే స్లీవు వాడండి.

లోపల వేసే స్పాంజి, బట్ట ఎంత వేగంగా కాలవచ్చో చెప్పే ప్రమాణం ఉంది, ఐఎస్ 15061. సోఫా స్పాంజి దాని కోసం చేసింది కాదు. కొనేటప్పుడు చిన్న ముక్క అడిగి తెచ్చి, బండికి దూరంగా నేల మీద పెట్టి అగ్గిపుల్ల గీసి చూడండి. భగ్గుమని అంటుకుని బొట్లు రాలిస్తే తిరిగిచ్చేయండి.

రెగ్జిను అతికించే రబ్బర్ సొల్యూషన్ రాసేటప్పుడు బ్యాటరీ రెండు టెర్మినల్సూ విప్పి ఉండాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, ఫ్లోరులో కూర్చుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. ఆ రోజు బండిలో డ్రిల్లు, గ్రైండరు, బీడీ ఏవీ వద్దు. తలుపులు తీసి రాత్రంతా ఆరనివ్వండి.

ఇంకా:

- మూసే ముందు వైరింగ్ అంతా ఫోన్లో ఫోటోలు తీయండి. పక్కన కొలత టేపు పెట్టి తీయండి, ఏ వైరు ఎంత దూరంలో ఉందో తెలియాలి. కార్పెట్‌కి బిగించిన స్క్రూ కింద వైరు కట్టలోకి దిగిన బండి నేను చూశాను.
- స్క్రూ పొడుగు చూసుకోండి.
- సీటు బోల్టులకి బెజ్జం వేసే ముందు కిందకి వంగి చూడండి. డీజిల్ పైపు, బ్రేకు పైపు అక్కడే ఉంటాయి.
- సీటు బెల్టు ఒట్టి రేకుకి బిగించకండి. వెనక మందపాటి ప్లేటు ఉండాలి.
- కార్పెట్ పెడల్స్ కిందికి మడతపడకూడదు. మూడు పెడల్సూ చివరిదాకా తొక్కి చూడండి, బూటు వేసుకుని.
- మెకానికల్ ఆయిల్ మీటరు అయితే పైపు క్యాబిన్లోకి వేడి ఆయిల్ తెస్తుంది. నైలాన్ పైపు వద్దు. వీలైతే ఎలక్ట్రికల్ మీటరు వేసుకోండి.
- సెల్ఫ్ మోటరు కేబుల్‌కి మామూలుగా ఫ్యూజు ఉండదు. అది క్యాబిన్లోంచి పోకూడదు. పోతుంటే దారి మార్చండి.
- హెడ్‌లైట్లకి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) వేయండి. 60 వాట్ల బల్బులు రెండు కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి, డాష్‌బోర్డు స్విచ్ అంత మోయలేదు.
- బ్యాటరీ కటాఫ్ స్విచ్ డ్రైవరు చేయి అందేచోట. స్పానరు అక్కర్లేకుండా ఆపగలగాలి.
- ఐఎస్ఐ మార్కు ఉన్న కిలో ఏబీసీ పౌడరు మంటలార్పే సిలిండరు ముందు సీటు దగ్గర. వెనక డబ్బాలో కాదు.
- డాష్‌బోర్డు రెగ్జిను గమ్‌తో శాశ్వతంగా అతికించకండి. స్క్రూలతో విప్పేలా ఉంచండి.
- మోటారు వాహనాల చట్టంలో బండికి మార్పులు చేయడం గురించిన సెక్షన్ 52 చదవండి. ఆర్సీలో లేని మార్పులుంటే ఇన్సూరెన్స్ క్లెయిము ఇబ్బందవుతుంది.
- హారన్, పాటల పెట్టె, ఫోన్ చార్జరు, ఫ్యాను: ఏది కొత్తగా వేసినా దాని వైరు బ్యాటరీ నుంచి జానెడు లోపు ఫ్యూజు దాటే రావాలి. "చిన్నదే కదా" అనే మాట వద్దు.
- పొగ వాసన వస్తే బండి ఆపండి, కటాఫ్ కొట్టండి, పిల్లల్ని దించండి. వైరు ముట్టుకోకండి.
- సెలవులకి అరకు, మారేడుమిల్లి బయల్దేరే ముందురోజు బానెట్ ఎత్తండి. బ్యాటరీ ప్లస్ నుంచి వెళ్లే వైర్లు ఒక్కొక్కటీ వేలితో పట్టుకుని వెళ్లండి. జానెడు పోయేలోపు ఫ్యూజు తగలని వైరు ఏదైనా కనిపిస్తే, అది సరయ్యేదాకా తాళం చెవి ఎవరికీ ఇవ్వకండి.