తెలుగు వెబ్‌సైట్‌ను ఇప్పటి ట్రెండ్‌లో డిజైన్ చేయడం ఎలా? వత్తులు తెగకుండా!

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, బీటీఎం లేఅవుట్ వైపు మన తెలుగువాళ్లు నడిపే మెస్సులు, పీజీలు, పచ్చళ్ల షాపులు ఒక్కొక్కటిగా వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. సంతోషమే. కానీ డిజైన్ చేసేవాళ్లు ముందు పేజీ అంతా ఇంగ్లీష్‌లో తయారుచేసి, క్లయింట్ ఓకే అన్నాక, అవే బాక్సుల్లో తెలుగు తెచ్చి పేస్ట్ చేస్తున్నారు. దాంతో "అల్లం పచ్చడి" కాస్తా "అలం పచడి" అయి కూర్చుంటుంది, "నెయ్యి" పోయి "నెయి" మిగులుతుంది. షాపు ఓనరు చూసి స్పెల్లింగ్ తప్పు రాశారంటాడు. స్పెల్లింగ్ తప్పు కాదు, వత్తు కింద తెగిపోయింది. ఈ రిపేర్లు చేసీ చేసీ విసుగొచ్చి, మొదటి నుంచీ ఎలా చేయాలో ఒకచోట రాస్తున్నాను.

ముందు కావలసినవి

ఒక లాప్‌టాప్, ఫిగ్మా లాంటి ఏదో ఒక డిజైన్ టూల్, పదివేల లోపు ధరలో ఒక ఆండ్రాయిడ్ ఫోన్. ఫోన్ మాత్రం తప్పనిసరి, లాప్‌టాప్‌లో స్క్రీన్‌ని చిన్నది చేసి చూడటం టెస్టింగ్ కాదు.

1. మ్యాటర్ యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలో) తెచ్చుకోండి

క్లయింట్లు పాంప్లెట్ కొట్టించిన డీటీపీ సెంటర్ నుంచి ఫైలు పంపుతారు. అది చాలావరకు యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలో ఉంటుంది, పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒకసారి పూర్తిగా చదవండి. ఈ బాధ పడలేక కొందరు ఆ పాంప్లెట్‌నే ఫొటోగా పేజీలో పెట్టేస్తారు. అలా అస్సలు చేయొద్దు. ఫొటోలో అక్షరాలు గూగుల్ సెర్చ్‌కి సరిగా అందవు, చూపులేనివాళ్లకి స్క్రీన్ మీది రాతని చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని సరిగా చదవలేకపోతుంది, ఫోన్ నంబరు నేరుగా కాపీ చేసుకోవడానికీ కుదరదు. పేజీ అనువాదాన్ని ఆటోమేటిక్ బటన్‌కి వదిలేసేవాళ్లదీ ఇదే దారి. "హోమ్ డెలివరీ"ని "ఇంటి ప్రసవం" అని చూపించే పేజీ మీద ఎవరు ఆర్డర్ పెడతారు?

2. ఫాంట్ ఎంచుకోండి

మామూలు రాతకి నోటో సాన్స్ తెలుగు. హెడ్డింగ్‌కి అనేక్ తెలుగు, అది వేరియబుల్ ఫాంట్ కాబట్టి ఒకే ఫైలుతో సన్నం నుంచి బాగా మందం దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా వస్తుంది, ఇప్పటి ట్రెండ్‌కి సరిగ్గా సరిపోతుంది. రెండు ఫాంట్లు చాలు, మూడోది పెడితే పేజీ పెళ్లి కార్డులా తయారవుతుంది. రామభద్ర, మండలి లాంటివి ఒకే మందంలో వస్తాయి. వాటిని బోల్డ్ చేస్తే బ్రౌజరే దొంగ బోల్డ్ సృష్టిస్తుంది, 'ఘ', 'ఝ' లోపలి సున్నాలు పూడిపోతాయి. ఇటాలిక్ వద్దు, తెలుగుకి ఆ అలవాటు లేదు.

సైజు 18 పిక్సెల్స్ కంటే తగ్గకూడదు. ఇంగ్లీష్‌కి 16 సరిపోతుంది, మన అక్షరాల్లో మెలికలు ఎక్కువ కాబట్టి అదే 16 ఇక్కడ చీమల బారులా కనబడుతుంది.

3. లైన్ హైట్ (అందరూ చెడగొట్టేది ఇక్కడే)

లైన్ హైట్ అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో అంకెలో చెబుతారు. నెమ్మదిగా చదవండి, మిగతాదంతా తర్వాత సర్దుకోవచ్చు.

ఇప్పుడు ట్రెండ్ ఏమిటంటే స్క్రీన్ నిండా పెద్ద హెడ్డింగ్, వరుసలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. టెంప్లేట్లలో హెడ్డింగ్ లైన్ హైట్ 1 లేదా 1.1 ఉంటుంది. ఇంగ్లీష్ పెద్ద అక్షరాలు గీత కిందికి దిగవు కాబట్టి వాళ్లకి ఇబ్బంది లేదు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద వత్తు, ఆ వత్తు కింద ఒక్కోసారి ఇంకో వత్తు. "రాష్ట్రం", "స్త్రీ", "జ్యోత్స్న" రాసి చూడండి, ఒక్క అక్షరం కిందే రెండు వత్తులున్నాయి. ఐత్వమైతే "మైసూరు"లో లాగా పైనా కిందా రెండువైపులా చోటు తింటుంది. పై వరుసలో "ష్ట్ర" ఉండి, సరిగ్గా దాని కింద "కీ" పడిందంటే 1.1లో రెండూ ఢీకొంటాయి.

నా లెక్క ఇది: మామూలు రాతకి 1.7 నుంచి 1.8, హెడ్డింగ్‌కి 1.4, ఎంత పెద్ద హెడ్డింగ్ అయినా 1.35 కంటే దించొద్దు. ఆ విలువను పిక్సెల్స్‌లో కాకుండా ఉత్త అంకెగానే ఇవ్వాలి. పిక్సెల్స్‌లో ఇస్తే ఫోన్‌లో ఫాంట్ సైజు మారినప్పుడు లైన్ హైట్ మారదు, మళ్లీ మొదటికొస్తుంది. డిజైనర్లు "మరీ ఖాళీగా ఉంది సార్" అంటారు. ఫిగ్మాలో "తెలుగు తెలుగు తెలుగు" అని నింపి చూస్తే అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాటలో వత్తే లేదు. శాంపిల్‌గా ఎప్పుడూ ఈ వరుస పెట్టండి: "రాష్ట్రంలో స్త్రీల సంస్కృతి, వైశిష్ట్యం, స్వాతంత్ర్యం". హెడ్డింగ్ బాక్సులో ఇది మూడు వరుసలుగా పడి కూడా ఏదీ తగలకపోతే మీ డిజైన్ నిలబడుతుంది.

లైన్ హైట్ ఒక్కటీ సరిచేస్తే సరిపోదు, ట్రెండ్ పేరుతో వచ్చే నాలుగు ఎఫెక్టులు ఇదే వత్తుని వేరే దారిలో కోసేస్తాయి.

ఒకటి, మాటలు కింద నుంచి జారుతూ పైకి వచ్చే ఎఫెక్ట్. దానికోసం ప్రతి మాట చుట్టూ ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతారు, అంటే బాక్సు దాటినదంతా కనిపించదు. బాక్సు దాటేది ముందుగా వత్తే. ఆ బాక్సుకి లోపల కింద ఖాళీ (ప్యాడింగ్) 0.3 ఈఎమ్, అంటే అక్షరం సైజులో 0.3 వంతు ఇచ్చి, కింద బయటి ఖాళీని (మార్జిన్) అంతే మైనస్‌లో ఇవ్వండి. వత్తుకి చోటు దొరుకుతుంది, వరుసల మధ్య దూరం పెరగదు.

రెండు, అక్షరాల్లో రంగులు కలిసిపోయే గ్రేడియంట్. ఇందులో అక్షరం రంగు తీసేసి, వెనక ఉన్న రంగుల్ని అక్షరం ఆకారంలో చూపిస్తారు. ఆ రంగులు బాక్సు వరకే ఉంటాయి, బాక్సు బయటికి దిగిన వత్తుకి రంగే ఉండదు, మాయమైపోతుంది. ఇక్కడా కింద ప్యాడింగే మందు.

మూడు, కార్డుల్లో రెండు వరుసలు చూపించి చివర చుక్కలు పెట్టే పద్ధతి. ఇక్కడ మాత్రం కింద ప్యాడింగ్ ఇవ్వకూడదు! ఇస్తే దాచాల్సిన మూడో వరుస తలకట్లు ఆ ఖాళీలోంచి తొంగిచూస్తాయి. లైన్ హైటే పెంచండి. బెంటో గ్రిడ్ అని చిన్నాపెద్దా గళ్లతో వచ్చే పేజీల్లో కూడా గడి ఎత్తు ఫిక్స్ చేయకుండా, కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి వదలండి.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం: ఒక్కో అక్షరం విడివిడిగా ఎగిరి వచ్చే యానిమేషన్. "లక్ష్మి" చదివేవాళ్లకి రెండక్షరాలు, కంప్యూటర్ లోపల యూనికోడ్‌లో ఏడు గుర్తులు. ఇంగ్లీష్ కోసం రాసిన కోడ్ ఆ ఏడింటినీ ఏడు ముక్కలు చేస్తుంది. 'క' వేరు, పొల్లు వేరు, గుడి వేరుగా చుక్కల వలయాలతో స్క్రీన్ మీదకి వస్తుంది. దేవుడి పేరుతో షాపు పెట్టుకున్న మనిషికి ఆ పేరు అలా విరిగి కనిపిస్తే ఎంత బాధ! కదలిక కావాలంటే మాట మొత్తాన్ని కదపండి, అక్షరాన్ని ముట్టుకోవద్దు. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) కూడా సున్నా దగ్గరే ఉంచండి. మైనస్‌లో పెడితే పక్కక్షరం మీదికి ఎక్కుతుంది, ప్లస్‌లో పెడితే ఒక మాట నాలుగు మాటలై చదవడానికి ఇబ్బంది.

కన్నడ పేజీ కూడా చేస్తుంటే ఈ జాగ్రత్తలన్నీ అక్కడా పనికొస్తాయి, వాళ్ల వత్తులూ కిందికే దిగుతాయి. అలాగని కన్నడలో బాగుంది కదా అని తెలుగు చూడకుండా వదిలేయొద్దు. ఫాంట్ ఫైళ్లు వేరు, అక్షరాల ఎత్తులు వేరు.

4. రంగులు, బటన్లు

డార్క్ మోడ్ పెట్టండి, కానీ పూర్తి నలుపు మీద పూర్తి తెలుపు వద్దు, ముదురు బూడిద మీద కాస్త తగ్గించిన తెలుపు కంటికి హాయి. ఆపిల్ 2025లో లిక్విడ్ గ్లాస్ చూపించినప్పటి నుంచీ అందరూ అద్దం లాంటి కార్డులు అడుగుతున్నారు. మెనూ బార్‌కి పెట్టుకోండి, తెలుగు పేరాగ్రాఫ్ వెనక మాత్రం వద్దు, వెనక ఫొటో కదులుతుంటే ముందున్న మెలికలు కనిపించవు. రాతకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని, అందరూ చదవగలిగే వెబ్‌సైట్ల కోసం పెట్టిన డబ్ల్యూసీఏజీ నియమం, తెలుగుకి నేను 7కి 1 పెడతాను.

బటన్ వెడల్పు ఫిక్స్ చేయొద్దు. "బై నౌ" పట్టిన చోట "ఇప్పుడే ఆర్డర్ చేయండి" పట్టదు. కనీస ఎత్తు 48 పిక్సెల్స్. హోమ్‌పేజీలో వాటంతటవే తిరిగే బ్యానర్లు పెట్టొద్దు, ఫోన్ నంబరు, రేట్లు, మ్యాప్ పైనే ఉండాలి.

5. స్పీడ్

వత్తుల ఆకారాలన్నీ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైలు ఇంగ్లీష్ దానికంటే బరువు. ఫాంట్ ఫైలుని కుదించే వోఫ్2 (WOFF2) ఫార్మాట్ వాడండి, ఫాంట్ వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్ కనిపించేలా స్వాప్ అనే సెట్టింగ్ పెట్టండి. సైజు తగ్గిద్దామని ఫాంట్‌లోంచి "వాడని అక్షరాలు" తీసేసే టూల్స్‌తో జాగ్రత్త, అవి వత్తుల్ని కలిపే నియమాల్ని కూడా ఊడ్చేస్తే "ప్ర" కాస్తా పకారం పొల్లు, పక్కన రేఫ అయిపోతుంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ కొలత. పేజీ పైన స్క్రీన్ నిండా ఆడే హీరో వీడియో తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

హెచ్‌టీఎంఎల్ (పేజీ కోడ్)లో పేజీ భాష తెలుగు అని చెప్పడం మర్చిపోవద్దు, టాక్‌బ్యాక్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తెలుసుకుంటుంది.

6. చూసుకోండి

విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో. మీ ఫాంట్ లోడ్ కాకపోతే ఒక్కోచోట ఒక్కోలా కనబడుతుంది కాబట్టి, ఫాంట్ కావాలని ఆపేసి మూడింటిలోనూ చూడండి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెద్దది చేసి చూడండి, మన అమ్మానాన్నల ఫోన్లన్నీ అలాగే ఉంటాయి. "ఫేస్‌బుక్", "వాట్సాప్‌లో" లాంటి మాటలు సైట్‌లోకి ఎక్కించాక "ఫేస్బుక్", "వాట్సాప్లో" అయ్యాయేమో గమనించండి. అలా మారితే మధ్యలో ఉండే కనబడని గుర్తుని మీ ఎడిటర్ చెత్త అనుకుని తీసేస్తోందని అర్థం, డెవలపర్‌కి చెప్పి ఆ ఫిల్టర్ ఆపించండి.

చివరిగా ఫోన్ షాపు ఓనరు చేతికిచ్చి, ధరల పేజీ మొత్తం పైకి చదవమనండి. ఎక్కడ ఆగాడో అక్కడ స్క్రీన్‌షాట్ తీసుకుని, ముందు ఆ మాట లైన్ హైట్, తర్వాత దాని చుట్టూ ఉన్న బాక్సు చూడండి.