పికప్ ట్రక్కూ గాలీ – 4వ పాఠం: టెయిల్‌గేట్ లెక్క

టోనో కవర్లతో, అంటే బండి వెనక సరుకు తొట్టిని (బెడ్) కప్పే మూతలతో, మొదలుపెట్టాల్సిన పాఠం ఇది. కానీ పోయినసారి లెక్కలో చాలామంది ఒకేచోట తడబడ్డారు. మూసిన టెయిల్‌గేట్ (తొట్టి వెనక తలుపు) వైశాల్యం 0.75 చదరపు మీటర్లను ముఖ వైశాల్యం 3కి కలిపి 3.75 రాశారు. ముందు అది తేలాలి.

ముఖ వైశాల్యమంటే బండికి ఎదురుగా నిలబడితే కనిపించే ఆకారం. టెయిల్‌గేట్ క్యాబిన్ చాటున ఉంటుంది. తెరిచినా మూసినా 3 మూడే. మారేది డ్రాగ్ (గాలి నిరోధం) గుణకం.

అదెటు మారుతుంది? క్యాబిన్ పైకప్పు అంచు దగ్గర గాలి బండిని వదిలేస్తుంది. గేటు మూసి ఉంటే బెడ్‌లో ఒక సుడి నిలుస్తుంది, పై గాలి చాలావరకు దాని మీదుగా జారి గేటు దాటిపోతుంది. గేటు దించితే సుడి చెదురుతుంది, క్యాబిన్ వెనక గోడ మీద పీడనం పడిపోతుంది. బండిని వెనక్కి లాగేది ఆ లోటే. అందుకే గేటు దించితే డ్రాగ్ తరచు పెరుగుతుంది. గేటును ఎదురుగాలికి అడ్డుగోడ అనుకున్నంతకాలం ఈ లెక్క కుదరదు.

బిగువుగా పరిచిన చదును కవర్ సాధారణంగా డ్రాగ్‌ను కొద్ది శాతం తగ్గిస్తుంది. గుడ్డ కవర్ వదులైతే గాలికి కొట్టుకుంటుంది, నేను గట్టి మడత కవర్‌కే ఓటేస్తాను.

గుణకం 0.40, గాలి సాంద్రత 1.2 అయితే స్థిరాంకాలన్నీ కలిపి (సగం × 1.2 × 0.40 × 3) 0.72 అని రాసిపెట్టుకోండి. దాన్ని వేగం వర్గంతో గుణిస్తే చాలు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు, డ్రాగ్ 450 న్యూటన్లు. 45 కిలోమీటర్ల దగ్గర 112.5. ఊళ్లో తిరిగే బండికి కవర్ కలిసిరాదు.

అభ్యాసం: వాహనాలు తిరగని, చదునైన, పొడి రోడ్డు కావాలి. న్యూట్రల్‌లో వేసి, ఇంజన్ ఆపకుండా (ఆపితే బ్రేకు, స్టీరింగ్ సాయం పోతాయి), 100 నుంచి 80కి పడే సమయం కొలవండి. బరువు 2,000 కిలోలు, చక్రాల నిరోధం 196 న్యూటన్లు అనుకుని, సగటు వేగం 90 దగ్గరి 450 న్యూటన్ల డ్రాగ్‌తో లెక్కిస్తే సుమారు 17.2 సెకన్లు రావాలి. డ్రాగ్ 5 శాతం తగ్గితే 17.8. తేడా 0.6 సెకన్లే కాబట్టి చేతి గడియారం చాలదు, స్పీడు చూపే తెరను వీడియో తీయండి. గేటు మూసి, దించి, మళ్లీ మూసి, ఒక్కో అమరికకు రెండు దిక్కులా ఐదేసిసార్లు చేయండి. మొదటి, చివరి వరసలు కలవకపోతే మొత్తం కొట్టేయండి. సెకనుకు 3 మీటర్ల గాలి వీస్తుంటే, 25కి అది కలిపి, తీసేసి వచ్చే 28, 22ల వర్గాల సగటు 634 వస్తుంది, 625 కాదు. రెండు దిక్కుల సగటు గాలిని పూర్తిగా చెరపదు.