రాగ్‌డాల్ పిల్లిని తెచ్చుకునే ముందు

రాగ్‌డాల్ కూనను చూడటానికి వెళ్తే, ముందు దాని తల్లిదండ్రుల గుండె పరీక్షల రిపోర్టులు అడగండి. గుండె కండరం మందమయ్యే హెచ్‌సీఎం అనే జబ్బు ఈ జాతిలో వంశపారంపర్యంగా వస్తుంది. దానికి దారితీసే ఒక జన్యులోపం ఉందో లేదో బుగ్గ లోపల పుల్లతో తీసిన నమూనాతోనే తెలుస్తుంది. కారణం ఆ ఒక్క లోపమే కాదు కాబట్టి గుండె స్కానింగ్ కూడా చేయించి ఉంటే మరీ మంచిది. రిపోర్టులు చూపించడానికి వెనకాడేవాళ్ల దగ్గర కొనకండి, కూన ఎంత ముద్దుగా ఉన్నా సరే.

1960ల్లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆన్ బేకర్ అనే ఆవిడ అభివృద్ధి చేసిన జాతి ఇది. ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా ఒళ్లు వదిలేస్తుందని ఆ పేరు. అన్నీ అలా వాలిపోవు. కానీ చాలావరకు మనిషి వెంటే గదిగదికీ తిరుగుతాయి, ఆ ప్రేమ చూస్తే మనసు నిండిపోతుంది! మగవి 9 కిలోల దాకా పెరుగుతాయి, కాబట్టి లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టె) పెద్దదే కొనండి.

వారానికి రెండు మూడు సార్లు స్టీల్ దువ్వెనతో దువ్వండి. బొచ్చు ఉండలు కట్టేది ఎక్కువగా చంకల్లో, చెవుల వెనక, పొట్ట కింద. అక్కడ కత్తెర పెట్టొద్దు, పల్చటి చర్మం ఉండతో పాటే పైకి లేచి తెగుతుంది. కుదుళ్ల దగ్గర వేళ్లతో పట్టుకుని, కొసల నుంచి కొంచెం కొంచెంగా విడదీయండి. స్నానం ఆ తర్వాతే. తడిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది.