కిలిమంజారోకు బూట్లు కొనేటప్పుడు

భూమధ్యరేఖకు దగ్గరే కదా అని టాంజానియాలోని కిలిమంజారో పర్వతం చలిని తేలిగ్గా తీసుకోవద్దు. 5,895 మీటర్ల శిఖరానికి ఆఖరి నడక సాధారణంగా అర్ధరాత్రి మొదలవుతుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలకూ పడిపోవచ్చు.

బూట్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి ఉన్ని మేజోళ్లు తొడుక్కునే కొనండి. లోపల వేళ్లు హాయిగా కదలాలి. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు ఇరికిస్తే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే. చేతులకు బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు మేలు. నూలు బనియన్లు మాత్రం వద్దే వద్దు, చెమటకు తడిసి ఆరవు.

పక్షుల మెత్తటి ఈకలు నింపిన బరువైన డౌన్ జాకెట్టు పర్వతం దిగువనున్న మోషీ పట్టణంలో అద్దెకు దొరుకుతుంది. బూట్లు మాత్రం సొంతవే, ముందుగా నడిచి అలవాటు చేసుకున్నవే ఉండాలి.