హెడ్ వారీగా మూత బిగింపు ఎలా చూడాలి

జీడిమెట్లలో సిరప్‌లు నింపే ఒక యూనిట్‌లో నేను క్యూసీ (నాణ్యత తనిఖీ) చూస్తాను. కొత్తగా చేరిన కెమిస్టులకి మూత బిగింపు చూడమంటే సీసా చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి "టైట్‌గానే ఉంది మేడమ్" అనేస్తారు. ఎవరి చేతి బలం వాళ్లది. జిమ్‌కి వెళ్లే కుర్రాడు ఇట్టే విప్పేసిన మూత కీళ్ల నొప్పులున్న పెద్దావిడకి రాదు. అందుకే టార్క్ మీటర్, అంటే తిప్పే బలాన్ని కొలిచే పరికరం, కావాలి.

మెషీన్ బిగించేటప్పుడు పెట్టే టార్క్ వేరు, విప్పడానికి పట్టే టార్క్ వేరు. మనం కొలిచేది రెండోది. బిగించాక మూత లోపలి మెత్తటి బిళ్ల (వాడ్) అణుగుతుంది, ప్లాస్టిక్ కాస్త సాగుతుంది, పట్టు కొంత సడలుతుంది. కాబట్టి మామూలుగా ఇది తక్కువే వస్తుంది. బిగించిన ఎంతసేపటికి కొలిచారన్నది కూడా ముఖ్యమే. ఐదు నిమిషాలనుకుంటే ప్రతి షిఫ్ట్‌లోనూ ఐదు నిమిషాలే ఉండాలి. కొన్ని సీసాలు పక్కన పెట్టి 24 గంటల తర్వాత కూడా చూడండి.

ప్లాస్టిక్ మర మూతలకి ఒక మోటు లెక్క ఉంది. మూత వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో అందులో సగం ఇంచ్-పౌండ్లు బిగింపు. 28 మి.మీ. మూతకి 14, అంటే దాదాపు 1.6 న్యూటన్ మీటర్లు. అది ట్రయల్ మొదలుపెట్టడానికే పనికొస్తుంది. అసలు హద్దులు మీ సీసాతో, మీ మూతతో ట్రయల్ చేసి, లీక్ టెస్ట్ చూసి ఖాయం చేసుకోవాలి. మీటర్ ఏ యూనిట్‌లో ఉందో ముందు చూసుకోండి. కేజీ-సెంటీమీటర్లలో 14 అంటే ఇంచ్-పౌండ్లలో 12 చిల్లరే.

ఇక శాంపిల్. అసలు పని ఇక్కడే ఉంది. మా క్యాపింగ్ మెషీన్‌కి ఎనిమిది హెడ్‌లు, అంటే మూతలు బిగించే తలలు. ఎక్కడో ఒకచోట చేతికందిన సీసాలు తీసి సగటు రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. ఏడు హెడ్‌లు 9 చొప్పున ఇచ్చి, ఒకటి 3 ఇచ్చిందనుకోండి. సగటు 8.25. మీ కింది హద్దు 7 అయితే రిపోర్ట్ పాస్, కానీ బయటికెళ్లే ప్రతి ఎనిమిదో సీసా కారుతుంది. ఒకటో హెడ్ కింద నుంచి వచ్చే సీసాతో మొదలుపెట్టి వరసగా ఎనిమిది తీయండి, మూత మీద మార్కర్‌తో హెడ్ నంబర్ వేయండి. రిజిస్టర్‌లో హెడ్‌కో గడి ఉండాలి.

సీసాని మీటర్ మీద నిటారుగా, సరిగ్గా మధ్యలో నిలబెట్టి నాలుగు పెగ్గులూ బిగించండి. సీసా తిరగకూడదు, అలాగని పెట్ (ప్లాస్టిక్) సీసా నొక్కుకుపోకూడదు. ముల్లు సున్నా మీద పెట్టండి. మూతని పక్కల నుంచి వేళ్లతో పట్టుకుని, అరచేత్తో కిందికి అదమకుండా, నెమ్మదిగా ఒకే వేగంతో తిప్పండి. నొక్కి తిప్పాల్సిన చైల్డ్ లాక్ మూతలకి మాత్రం పద్ధతి వేరు. ఒక్కసారిగా గుంజితే అంకె ఎక్కువ చూపిస్తుంది. మూత కదిలిన క్షణంలో వచ్చిన అంకే మీకు కావాల్సింది. సీల్ రింగ్ ఉన్న మూత అయితే అక్కడే ఆగి రాసుకోండి. ఆపకుండా తిప్పితే రింగ్ తెగడానికి పట్టిన టార్క్ అంతకంటే ఎక్కువైనప్పుడు డిజిటల్ మీటర్ దాన్నే పట్టి ఉంచుతుంది. విప్పిన సీసాని మళ్లీ బిగించి లైన్‌లో పెట్టొద్దు, అది రిజెక్షన్‌కే.

విప్పాక సీసా మెడ మీద వేలు పెట్టి చూడండి. జిగురుగా తగిలితే ఆ రీడింగ్‌ని నమ్మొద్దు. నింపేటప్పుడు కారిన సిరప్ మర మీద ఆరితే మూత అతుక్కుపోతుంది, లోపల బిగింపు లేకపోయినా అంకె బ్రహ్మాండంగా వస్తుంది. అది మూత దగ్గర కాదు, నాజిల్ దగ్గర బాగుచేయాల్సిన పని.

అంకె తక్కువొస్తే ఆపరేటర్ వెంటనే బిగింపు బలాన్ని సెట్ చేసే క్లచ్ పెంచేస్తానంటాడు. ఆగమనండి. అతిగా బిగించి మర దాటిపోయినా అంకె తక్కువే వస్తుంది, అప్పుడు పెంచితే ఇంకా పాడవుతుంది. ముందు మూత లోపల వాడ్ ఉందా, మర తెల్లబడి చిట్లిందా చూడండి. తర్వాత ఆ హెడ్‌లో మూతని పట్టే చక్ అరిగిందా చూడండి. ఎనిమిదీ ఒకేసారి తగ్గితే సీసాని పట్టే బెల్టులు జారి, మూతతోపాటు సీసా కూడా తిరుగుతోందేమో చూడండి. ఒక్క హెడ్ మాత్రమే తగ్గితే మెషీన్ మొత్తం సెట్టింగ్ ముట్టుకోవద్దు.

ఇండక్షన్ సీల్ (మూత లోపలి రేకుని వేడితో సీసా మూతికి అతికించడం) ఉన్న లైన్‌లో సీలర్‌కి ముందు ఒక సెట్, తర్వాత ఒక సెట్ తీయాలి. ఆ వేడికి మూత లోపలి పొర (లైనర్) మెత్తబడి మూత వదులవుతుంది. తేడా మరీ ఎక్కువుంటే సీలర్ తర్వాత మూతని మళ్లీ బిగించే స్టేషన్ పెట్టించుకోండి. రెండు సెట్లకీ హద్దులు వేరుగా రాసి ఉండాలి.