డ్రాప్ జోన్ పక్కనుంచి ఎగరాలంటే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లల కోసం రాస్తున్నాను. ఫీనిక్స్ నుంచి టూసాన్‌కి క్రాస్ కంట్రీ వెళ్తే దారిలో ఈలాయ్ వస్తుంది, అక్కడ స్కైడైవింగ్ చాలా ఎక్కువ. ఇలా మనుషులు విమానంలోంచి ప్యారాచూట్లతో దూకే చోటునే డ్రాప్ జోన్ అంటారు. ఫ్లోరిడాలో డీలాండ్, కాలిఫోర్నియాలో పెరిస్ కూడా అలాంటివే. ఏటీసీతో (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) మాట్లాడుతున్నాం కదా, అంతా వాళ్లే చూసుకుంటారులే అనే ధీమా ఇక్కడ పనికిరాదు. కంట్రోలర్‌కి రాడార్‌లో జంప్ విమానం కనిపిస్తుంది గానీ, అందులోంచి దూకినవాళ్ల దగ్గర ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి తానెక్కడుందో చెప్పే పరికరం) ఉండదు. గంటకి దాదాపు 120 మైళ్ల వేగంతో పై నుంచి పడే మనిషిని మీరు చూసి తప్పించుకోవడం కూడా జరిగే పని కాదు. 1993లో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ దగ్గర ఫ్రీ ఫాల్‌లో, అంటే ఇంకా ప్యారాచూట్ తెరవకుండా పడుతూ ఉన్న స్కైడైవర్ ఒక పైపర్ విమానం తోకకి తగిలాడు. అతను బతికాడు, విమానంలో ఉన్న నలుగురూ చనిపోయారు.

కాబట్టి అసలు పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి. సెక్షనల్ చార్ట్‌లో (పైలట్లు వాడే మ్యాప్) మీ రూట్ పక్కన చిన్న ప్యారాచూట్ గుర్తు ఉందేమో వెతకండి, చార్ట్ సప్లిమెంట్‌లో (ఎయిర్‌పోర్టుల వివరాలుండే పుస్తకం) అక్కడ ఎంత ఎత్తు నుంచి, ఏ రోజుల్లో దూకుతారో చదవండి, బయల్దేరే ముందు నోటమ్‌లు (పైలట్లకి ఇచ్చే తాజా హెచ్చరికలు) చూడండి. ఎండ బాగున్న శనాదివారాల్లో అయితే జంప్‌లు జరుగుతున్నాయనే అనుకోండి.

చాలామంది పట్టించుకోనిది గాలి. జంప్ విమానం సాధారణంగా 13, 14 వేల అడుగులకి ఎక్కి, ఎయిర్‌పోర్ట్ మీద కాకుండా గాలి వచ్చే వైపు కాస్త ముందుకెళ్లి మనుషుల్ని వదులుతుంది, ఎందుకంటే కిందికి వచ్చేలోపు గాలే వాళ్లని ఎయిర్‌పోర్ట్ వైపు నెట్టుకొస్తుంది. పై గాలి దిశ, నేల మీద గాలి దిశ వేరుగా ఉండొచ్చు, అందుకే విండ్‌సాక్ (నేల మీద గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) ఒక్కటే చూస్తే చాలదు, విండ్స్ అలాఫ్ (పై ఎత్తుల్లో గాలి అంచనా) చూసి, ఎయిర్‌పోర్ట్‌కి గాలి వచ్చే వైపు కాకుండా రెండో వైపు నుంచి, కొన్ని మైళ్ల దూరంలో రూట్ వేసుకోండి.

గాల్లోకి వెళ్లాక ఫ్లైట్ ఫాలోయింగ్ (కంట్రోలర్ రాడార్‌లో మిమ్మల్ని గమనిస్తూ చుట్టుపక్కల విమానాల గురించి చెప్పే సేవ) అడగండి, డ్రాప్ జోన్ యాక్టివ్‌గా ఉందా అని కంట్రోలర్‌ని నేరుగా అడగండి, మొహమాటం వద్దు. జంప్ పైలట్ దూకడానికి కనీసం 5 నిమిషాల ముందే ఏటీసీతో రేడియోలో మాట్లాడాలని రూల్ ఉంది, రేడియో పాడైతే జంప్ ఆపేయాలి కూడా. కాకపోతే ఆయన మాట్లాడే ఫ్రీక్వెన్సీ, మీది ఒకటే కాకపోవచ్చు. అందుకే రెండో రేడియోలో ఆ ఎయిర్‌పోర్ట్ సీటీఏఎఫ్ (అక్కడి పైలట్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీ) పెట్టుకుని వినండి.

అక్కడే దిగాల్సి వస్తే రన్‌వే మీదుగా అడ్డంగా దాటి డౌన్‌విండ్‌లో (దిగే దిశకి ఎదురు దిశలో, రన్‌వేకి సమాంతరంగా ఎగిరే దారి) చేరే పద్ధతి అస్సలు వద్దు. ప్యారాచూట్లు ఏ వైపు దిగుతాయో ముందే ఫోన్ చేసి కనుక్కుని, దానికి దూరంగా ఉండే వైపు నుంచి 45 డిగ్రీల్లో ప్యాటర్న్‌లోకి (దిగే ముందు రన్‌వే చుట్టూ ఎగిరే దారి) రండి. మనుషుల్ని వదిలేసిన జంప్ విమానం వాళ్లకంటే ముందే, చాలా వేగంగా కిందికి వచ్చేస్తుంది, దానికోసం కూడా చూస్తూ ఉండండి.

"జంపర్స్ అవే" (దూకేశారు) అని రేడియోలో వినపడితే ఫ్రీ ఫాల్ ఒక నిమిషం, ఆ తర్వాత ప్యారాచూట్ కింద ఇంకొన్ని నిమిషాలు. టాండమ్ వాళ్లు (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిపి కట్టుకుని ఒకే ప్యారాచూట్‌తో దూకేవాళ్లు) ఎత్తులోనే తెరుస్తారు కాబట్టి ఇంకా ఆలస్యంగా దిగుతారు. అంతసేపూ దూరంగానే తిరగండి, అందరూ దిగారా అని సీటీఏఎఫ్‌లో అడిగాకే దగ్గరికి రండి.