జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిందా? ముందు ఇవి చూడండి

నాకు క్రోన్స్ (పేగుల్లో వాపు తెచ్చి, ఏళ్ల తరబడి ఉండే జబ్బు) అని తేలి ఆరేళ్లు. దానికి ముందు ఆరు నెలలు పేగు టీబీ మందులు మింగాను. ఈ రెంటికీ తేడా పట్టడం డాక్టర్లకే కష్టమట. పోయిన నెల డాలస్ నుంచి మా తమ్ముడు ఉమ్మితో చేసే జన్యు పరీక్ష రిపోర్టు వాట్సాప్‌లో పంపాడు. "అక్కా, నోడ్2 జన్యువులో ఏం లేదట, నాకు క్రోన్స్ రాదు" అని సంబరం. ఆ కాగితం అలా అనలేదురా అని చెప్పడానికి గంట పట్టింది.

మీ చేతికీ అలాంటిది వస్తే, ఏ జన్యువులో ఏ మార్పు వెతికారో ముందు చూడండి. నోడ్2కి, క్రోన్స్‌కి ఉన్న సంబంధం 2001లో బయటపడింది. ఎక్కువగా చూసేవి మూడు మార్పులు: ఆర్702డబ్ల్యూ, జి908ఆర్, 1007ఎఫ్ఎస్. ఇవి యూరప్ మూలాలవాళ్లలో కనిపించేవి. మన దగ్గర క్రోన్స్ ఉన్నవాళ్లలోనే అరుదు. కాబట్టి "లేదు" అని వస్తే మనకు తెలిసేది దాదాపు సున్నా. "ఉంది" అని వచ్చినా గుండెలు బాదుకోకండి, ఆ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బు రానే రాదు. క్రోన్స్ లాంటి పేగువాపు జబ్బులతో ముడిపడ్డ చోట్లు మన జన్యువుల్లో 200కి పైగా దొరికాయి. చాలావాటి వాటా చిటికెడే.

డబ్బు పెట్టదగ్గ జన్యు పరీక్ష వేరే ఉంది: ఎన్‌యూడీటీ15. జబ్బు వస్తుందా రాదా అని కాదు, క్రోన్స్‌కి వాడే అజాథయోప్రిన్ మాత్ర మీ ఒంటికి పడుతుందా లేదా అని చెబుతుంది. నాకు ఆ పరీక్ష లేకుండానే మాత్ర మొదలుపెట్టారు. మూడో వారానికి దువ్వెన నిండా కుచ్చులు కుచ్చులుగా జుట్టు. నూనె మార్చి చూడమంది మా అత్తగారు. రక్తం చూస్తే తెల్లకణాలు బాగా పడిపోయి 1,200. తర్వాత చేసిన పరీక్షలో "టీటీ" అని వచ్చింది.

రిపోర్టులో 415సి>టి అన్న వరస వెతకండి. సీసీ అయితే మామూలు మోతాదు. సీటీ అయితే తగ్గించి మొదలుపెడతారు. టీటీ అయితే సాధారణంగా ఈ మందు జోలికే పోరు, వేరేది రాస్తారు. ఈ మందుకే చూసే మరో జన్యువు టీపీఎంటీ. అదొక్కటే చేసి ఊరుకుంటే ఇదీ చేయమని అడగండి, మనవాళ్లలో ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. సీసీ వచ్చినా మొదటి నెలల్లో రక్తపరీక్షలు మానొద్దు. జుట్టు ఊడినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇక తమ్ముడు. విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా, రక్తం పడినా, బరువు తగ్గినా పేగువాపు ఉందేమో చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష చేయించుకోమన్నాను. సిగరెట్ క్రోన్స్ ముప్పు పెంచుతుంది, మానావా అని అడిగాను. డాలస్‌లో ఎండలు మండిపోతున్నాయట.